కొత్త చిరునామాకు దిష్టిబొమ్మ

నా రక్తం ఎవరికైనా ఎక్కించవచ్చు. నాకు మాత్రం ఎవరిదీ పనికిరాదు. ఈ సంగతి మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ గర్వపడింది. మనది పెట్టే చెయ్యే గాని పుచ్చుకునే చెయ్యి కాదులే అంది. నాకు ఒళ్ళు మండింది. పుచ్చుకోవాల్సిన రోజు వస్తే గతేమిటని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అప్పుడు తొంభైల చివర. నేను యూనివర్సిటీలో జన్యుశాస్త్ర విభాగంలో ప్రాజెక్ట్ అసిస్టెంటుని. ఇల్లు తార్నాకలో. మా నాన్న గుంటూరు వైపు నుంచి బడిపంతులుగా వచ్చి, రిటైరయ్యాక కూడా ఆ చుట్టుపక్కలే ఉండిపోయాడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచి క్యాంపస్‌లోకి వెళ్ళిపోయేదాన్ని. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఒకరి రక్తం ఒకరు పరీక్ష చేసి పని అలవాటు చేసుకోవడం రివాజు. అందరూ నాది 'ఓ' గ్రూపే అన్నారు. తీరా చూస్తే నా సీరంలో తోటి 'ఓ' వాళ్ళ రక్తం చుక్క వేసినా పెరుగు విరిగినట్టు గడ్డలు కట్టింది. మా ప్రొఫెసరు గారు ఆ గాజు పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు, తర్వాత నన్ను చూశారు. అరుదైన పురుగు దొరికిన జంతుశాస్త్రం వాళ్ళ మొహం చూశారా ఎప్పుడైనా? అదే మొహం.

దాన్ని బాంబే గ్రూపు అంటారు. మామూలు పరీక్షలో 'ఓ' లాగే కనిపించి మోసం చేస్తుంది. నిజంగా 'ఓ' రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. అదే గ్రూపువాళ్ళు దొరికితేనే బతుకు. మా తమ్ముడికి పరీక్ష చేయిస్తే వాడిది మామూలు 'ఓ'. అమ్మానాన్నలదీ మామూలే. ఇంతమంది జనం మధ్య, నల్లకుంట మార్కెట్లో భుజాలు రాసుకుంటూ నడిచేటప్పుడు కూడా, నాకు రక్తసంబంధం అనే మాట వింటే నవ్వొచ్చేది.

ప్రొఫెసరు గారు పురమాయిస్తే ఆ గ్రూపు మీద ఒక వెబ్‌సైటు తయారు చేశాను. ఎలా గుర్తుపట్టాలి, ఆసుపత్రుల్లో ఎక్కడ పొరపడతారు, ఎవరికి ఎవరిది పడుతుంది, ఒక్కోదానికి ఒక్కో పేజీ. చివర ఎవరినీ అడక్కుండా నా సొంతంగా రెండు ముక్కలు చేర్చాను. మీరూ ఈ గ్రూపువారైతే నాకు రాయండి, నేనూ మీలో ఒకదాన్నే అని.

ఆ సైటు ఉండేది క్యాంపస్‌లోని కంప్యూటర్ సెంటర్ సర్వర్ మీద. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. లోపల ఏసీ చలికి జూన్‌లో కూడా శాలువా కావాలి. అక్కడ సిస్టమ్స్ చూసే అతను జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు, ఎంసీఏ చదివాడు. మాణికేశ్వర్ నగర్‌లో తల్లితో కలిసి అద్దెకుండేవాడు. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్న. పని తెలిసినవాడే గాని మాట్లాడటం మొదలుపెడితే సాయంత్రమైపోయేది. నన్ను మేడం అనేవాడు, కోపం వచ్చినప్పుడు కూడా.

సైటు పెట్టాక ఒక మధ్యాహ్నం అతనే పిలిచి చూపించాడు. ఆ రోజుల్లో సెర్చ్ ఇంజన్లు నాలుగైదు ఉండేవి. వాటిలో పెద్దదాంట్లో మా గ్రూపు పేరు కొట్టాడు. తెర మీద అక్షరాలు ఒక్కో వరుసా దిగాయి. అన్నిటికన్నా పైన, మొట్టమొదట, నా పేజీ. నేను నమ్మలేదు. ఇంకోసారి కొట్టమన్నాను. మళ్ళీ అదే. ఎక్కడో సముద్రాల అవతల ఒక యంత్రం కూర్చుని లోకంలో అందరూ రాసిందంతా చదువుతోందట, చదివి ఏది ముందు ఏది వెనక అని వరుస పెడుతోందట. దానికి నేనెవరో తెలియదు, తార్నాక తెలియదు. సిఫారసు లేదు, చేతులు తడపలేదు. ఈ దేశంలో గ్యాస్ కనెక్షను కూడా అలా రాదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆకాశం వైపు ఎన్నిసార్లు చూశానో. నేను ఊరికే పొంగిపోయే మనిషిని కాను, ప్రతిదాన్నీ అద్భుతం అనే మా అమ్మ చర్చి ఆడవాళ్ళంటే నాకు విసుగు. కానీ దీనికి ఇంకో మాట దొరకలేదు.

ఆ తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. మెయిళ్ళే, కానీ నేను ఉత్తరాలనే అనేదాన్ని. ఎక్కడో ద్వీపంలో ఉండే ఒక ముసలాయన, చలిదేశంలో రక్తనిధిలో పనిచేసే ఒక నర్సు, పుణేలో కాలేజీ కుర్రాడు. మన ఊళ్ళోనే ఇద్దరు తేలారు. తమ పేజీల్లో నా పేజీకి లింకులు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అలా లింకులు పెరిగేకొద్దీ మన పేజీ మీద ఆ యంత్రానికి గురి పెరుగుతుందని సిస్టమ్స్ అతను చెప్పాడు. పరువు ఉన్నవాళ్ళు మనల్ని పలకరిస్తే ఊళ్ళో మన పరువు పెరిగినట్టు.

నాకు పెళ్ళయిన రెండో ఏడు, కడుపుతో ఉన్నానని తెలిసింది. మా ఆయనకి కాజీపేటలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చేవాడు. నల్లకుంటలో నర్సింగ్ హోమ్ నడిపే లేడీ డాక్టరు నా కాగితాలు చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నాకు అసలే రక్తం తక్కువ, నాది నేనే తీసి దాచుకునే వీలు లేదు. కాన్పు నాటికి నీ గ్రూపు రక్తం సిద్ధంగా ఉంచుకో అమ్మా, లేకపోతే నీ మీద చెయ్యి వెయ్యడానికి నాకు ధైర్యం చాలదు అని మొహం మీదే చెప్పింది. నేను బింకంగా ఊళ్ళో ఇద్దరు ఉన్నారని చెప్పాను. బయటికొచ్చి వాకబు చేస్తే ఒకాయన నాగపూర్ బదిలీ అయిపోయాడు, మెయిళ్ళకి జవాబు లేదు. రెండో ఆయనకి కామెర్లు, ఇక ఆయన రక్తం పనికిరాదు. పుణే కుర్రాడికి బరువు చాలదట.

అంటే, ఇంకెవరో రావాలి. ఈ గ్రూపువాడినని తెలిసి, ఆ పేరు సెర్చ్ ఇంజన్‌లో కొట్టి, పైన కనిపించినదాన్ని నొక్కి నా దగ్గరికి రావాలి. నాకున్న దారి ఆ ఒక్కటే. కాబట్టి ఆ పేజీ పైనే ఉండాలి. అది నాకు పరువు సంగతి కాదిప్పుడు, ప్రాణం సంగతి.

సరిగ్గా అప్పుడే యూనివర్సిటీకి సొంత డొమైన్ వచ్చింది. అప్పటిదాకా మా సైటు అడ్రసు వేరే సంస్థ పేరు తగిలించుకుని చాంతాడంత ఉండేది. ఇప్పుడు కొత్త సర్వర్, కొత్త పొట్టి పేరు. పాతవన్నీ కొత్త పేరు కిందికి మారాలి, కొన్నాళ్ళకి పాత పేరు తీసేస్తారు. సెంటర్‌లో అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. ఆ యంత్రానికి తెలిసింది పాత అడ్రసు. లోకంలో లింకులన్నీ పాత అడ్రసుకే. కొత్త పేరు మీద నేను మళ్ళీ ఎవరికీ తెలియని దాన్ని, వరుసలో అట్టడుగున నిలబడాలి.

సిస్టమ్స్ అతను కుర్చీ లాగి కూర్చోమన్నాడు. అప్పటికే అందరికీ నా సంగతి తెలుసు.

"పరేషాన్ గాకుండ్రి మేడం. ఇల్లు మారినోళ్ళు పాతింటికాడ మనిషిని నిలబెడ్తరు గద, గట్లనే మనం గూడ నిలబెడ్తం. కానీ అందర్ని కొత్తింటి దర్వాజ కాడ దించి పొమ్మంటే గాదు. పాతింట్ల వంటింటికి వచ్చినోణ్ణి కొత్తింట్ల వంటింటికే పంపాలె. ఏ అర్రకొచ్చినోణ్ణి ఆ అర్రకు. అప్పుడే ఆ మిషన్‌కు సమజైతది, గీ ఇల్లు గా ఇల్లు ఒక్కటే అని."

అదే చేశాడు. పాత పేజీ ఒక్కొక్కదానికి ఎదురుగా కొత్త పేజీ అడ్రసు రాసి, ఎవరు పాతదానికి వచ్చినా సర్వరే తీసుకెళ్ళి కొత్తదాని ముందు నిలబెట్టేలా కట్టుదిట్టం చేశాడు. ఇక శాశ్వతంగా మారిపోయాం అని ఆ యంత్రానికి అర్థమయ్యే సంకేతం ఒకటి ఉంటుందట, అదీ పెట్టాడు. లింకులు ఉన్నవాళ్ళందరికీ రాయడం నా వంతు.

అయితే అన్నీ సిద్ధమయ్యేసరికి ఆషాఢం వచ్చింది. సెంటర్ పెద్దాయన లెక్కల ప్రొఫెసరు. అయినా ఆషాఢంలో కొత్త సర్వర్ మీదికి మారే ప్రసక్తే లేదన్నారు. శ్రావణంలో మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టి మొదలుపెడదాం, ఇంత ఖర్చు పెట్టి కొన్నది అన్నారు. బయట బోనాల డప్పులు వినిపిస్తుంటే కొత్త సర్వర్ సరంజామా అంతా సర్దుకుని, లోపల మా పేజీలన్నీ పెట్టుకుని, నెల రోజులు ఊరికే కూర్చుంది.

ఊరికే ఉంచడం సిస్టమ్స్ అతనికి నచ్చలేదు. సెర్చ్ ఇంజన్ యంత్రాలు ఏ సైటుకి వచ్చినా ముందు గుమ్మం దగ్గర ఒక చిన్న ఫైలు ఉందేమోనని చూస్తాయి. అందులో రావద్దని రాసి ఉంటే మర్యాదగా వెనక్కి పోతాయి. తిట్టనక్కర్లేదు, తలుపు మూయనక్కర్లేదు. మా వీధిలో చందాల వాళ్ళకి ఆ బుద్ధి ఉంటే ఎంత హాయి. గృహప్రవేశం కాని ఇంటి మీద ఎవరి కళ్ళూ పడకూడదని అతను కొత్త సర్వర్ గుమ్మంలో అలాంటి ఫైలు పెట్టాడు. కొత్తింటికి దిష్టిబొమ్మ కట్టిన మేడం అని నవ్వుతూ చెప్పాడు. నాకు ఇంట్లో దిష్టి గోలే చాలు. మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. అయినా నేను ఇంటికి రాగానే ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో పారేసేది. ఆ తర్వాత మోకరించి ప్రార్థన చేసేది. రెంటిలో ఏది పనిచేసినా సరేనని ఆవిడ లెక్క.

శ్రావణంలో కొబ్బరికాయ కొట్టారు, పెద్దాయన ఉపన్యాసం చెప్పారు, మేం మారిపోయాం. నేను కూర్చుని ఉత్తరాలు రాశాను. మీ పేజీలో మా పాత అడ్రసు ఉంది, దయచేసి మార్చండి అని. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. మా వాడలో ఇల్లు మారిన సంగతి పాలవాడికి చెప్తేనే నెల దాకా చెవికెక్కదు. అలాంటిది ఒక్కొక్కరే మార్చారు. చలిదేశపు నర్సు మరునాడే మార్చి, ఆసుపత్రి గోడ మీద అంటించిన కాగితం మీద కూడా పెన్నుతో కొట్టేసి కొత్తది రాశానని చెప్పింది. ద్వీపంలో ముసలాయన దగ్గర నుంచి జవాబు ఆలస్యంగా వచ్చింది. రాసింది ఆయన భార్య. ఆయన పోయాడట. ఆవిడకి కంప్యూటరు తెలియదు, పక్కింటివాళ్ళని పిలిపించి లింకు మార్పించిందట. మా ఆయన మీ గురించి మాట్లాడేవారు, మీరు క్షేమంగా ఉండాలి అని రాసింది. నేను ఆ సెంటర్‌లో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాను. మనుషులంటే నాకున్న సగం చిరాకు ఆ వారంలోనే పోయింది.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. మాకు తట్టలేదు.

వినాయక చవితి వెళ్ళాక ఒకరోజు సెర్చ్ ఇంజన్‌లో మా గ్రూపు పేరు కొట్టి చూశాను. మొదట మేం లేము. రెండో పేజీలో లేము. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి వెళ్ళాను. మేం ఎక్కడా లేము. వెనకబడటం కాదు, అసలు పుట్టనే లేనట్టు. పాత అడ్రసూ లేదు, కొత్తదీ లేదు. నా కడుపులో బిడ్డ కదిలింది, అప్పటికి కదలడం మామూలే గాని ఈసారి పొట్ట మీద చెయ్యి వేసుకుని సిస్టమ్స్ అతన్ని పిలిచాను.

సిస్టమ్స్ అతను వచ్చి చూశాడు. పాత అడ్రసు కొడితే ఠంచనుగా కొత్తదానికి వెళ్తోంది. పేజీలన్నీ తెరుచుకుంటున్నాయి. లింకులన్నీ సరిగ్గా ఉన్నాయి. కొన్నాళ్ళు ఆగుదాం, కొత్త పేరు గదా, దానికి నమ్మకం కుదరాలె అన్నాడు. ఆగాం. ఆగడమంటే ఏమిటో కడుపుతో ఉన్నదానికి వేరే చెప్పాలా. ఉత్తరాలు ఆగిపోయాయి. ఒక్కటీ రాలేదు. నేను రోజూ వచ్చి అదే పేరు కొట్టేదాన్ని. పొట్ట పెరిగేకొద్దీ కుర్చీ బల్లకి దూరంగా జరుపుకోవాల్సి వచ్చేది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ దొరికారా అనేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. మా ఆయన ఆదివారం వచ్చి, అన్నీ సవ్యంగా జరుగుతాయిలే, ఎందుకు దిగులు అనేవాడు. సవ్యంగా జరిగే కాన్పుకి రక్తం ఎందుకు, జరగనిదానికే కదా అని కసిరాను.

దసరా ముందు ఒక పొద్దున సిస్టమ్స్ అతను సెంటర్‌కి కాదు, తిన్నగా మా ల్యాబుకే వచ్చాడు. సైకిల్ మీద ఎంత తొక్కాడో గాని చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. వాళ్ళ సందులో ఒకాయన కొత్తిల్లు కట్టి, గృహప్రవేశం చేసుకుని కాపురం పెట్టాడట. ఇంకా పిట్టగోడకి దిష్టిబొమ్మ వేలాడుతోందట. పొద్దున చాయ్ తాగుతుంటే అతని తల్లి దాన్ని చూసి, ఇంట్ల దిగినంక గూడ ఇంక దిష్టిబొమ్మ ఎందుకు, సుట్టాలు రావద్దనా అందట.

"మేడం, మనం గూడ తీయలే," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆషాఢంలో గుమ్మంలో పెట్టిన ఫైలు. రావద్దు అనే ఆ ఒక్క ముక్క. మేం కొబ్బరికాయ కొట్టాం, ఉపన్యాసం విన్నాం, లోకమంతా ఉత్తరాలు రాశాం, పాతింటి దగ్గర మనిషిని నిలబెట్టి వచ్చిన యంత్రాన్ని చెయ్యి పట్టుకుని కొత్తింటికి పంపాం. అది బుద్ధిగా అంత దూరం వచ్చి, గుమ్మంలో బొమ్మని చూసి, రావద్దన్నారు గదా అని వెనక్కి పోయింది. పాత ఇంట్లో ఎవరూ లేరు, కొత్త ఇంటికి రానివ్వరు. తన జాబితాలో మా పేరు కొట్టేసింది. దాని తప్పేముంది.

నా నోటికి అదుపు తక్కువ. ఆ పొద్దున నోటికొచ్చినదంతా అన్నాను, అతను నిలబడి విన్నాడు. బొమ్మ తీసేసే వచ్చిన మేడం అని మాత్రం అన్నాడు. ప్రాణం పోయేది నాది అన్నాను. అతని కళ్ళల్లో నీళ్ళు చూశాక ఆపాను. ప్రొఫెసరు గారు ఇద్దరికీ నీళ్ళు తెప్పించారు.

ఆ తర్వాత అతను చేసిన పని మరిచిపోలేను. పాత సర్వర్‌ని దసరాకి పక్కన పడేయాల్సింది. దాన్ని ఆపితే పాతింటి దగ్గర దారి చూపే మనిషి ఉండడు. పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి, ఆ పెట్టెని తన బల్ల కింద పెట్టుకుని నడిపాడు. వేడెక్కుతుందని టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి తను చెమటలు కక్కాడు. ఆయుధపూజ రోజు కొత్త సర్వర్‌తోపాటు దానికీ బొట్టు పెట్టాడు. సెర్చ్ ఇంజన్లకి మళ్ళీ ఒకసారి మా అడ్రసు రాసి పంపాం. ఇక ఆ యంత్రం ఎప్పుడొస్తే అప్పుడే. దాన్ని తొందరపెట్టే కలెక్టరు ఎవరూ లేరు.

దీపావళి అయ్యాక ఒక మధ్యాహ్నం, అలవాటుగా పేరు కొట్టాను. అడుగున ఎక్కడో ఉన్నాం. కొత్త పేరుతో. మూడు నాలుగు రోజుల్లో కొంచెం పైకొచ్చాం. ఇంకో వారానికి మొట్టమొదట, ఒకప్పుడు ఉన్నచోటే, ఏమీ జరగనట్టు. నేను లేచి నిలబడ్డాను. నిలబడటం అప్పటికి చిన్న పనేం కాదు. ఆ యంత్రం మళ్ళీ వచ్చింది. బొమ్మ లేదని చూసింది, లోపలికొచ్చింది. పాతింటివాళ్ళే వీళ్ళని గుర్తుపట్టింది. నర్సూ, పోయినాయన భార్యా, ఇంకా ఎవరెవరో చూపిస్తున్న దారులన్నీ ఇటే వస్తున్నాయని గ్రహించి, మా చోటు మాకిచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ళెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ మధ్యాహ్నం వాళ్ళకి దణ్ణం పెట్టాను. నిజంగానే, చేతులు జోడించి.

ఎనిమిదో నెల నిండుతుండగా ఒక మెయిలు వచ్చింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. నాది మీ గ్రూపే, మౌలాలిలో ఉంటాను, మీరు ఎక్కడ? కింద ఇంటి చిరునామా.

తార్నాక నుంచి మౌలాలి ఆటోలో ఎంతసేపు! అమ్మని వెంటబెట్టుకుని ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆమె ఒక బడిలో సైన్స్ టీచరు, నలభై ఏళ్ళుంటాయి, భువనగిరి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. డాబా మీద బట్టలు తీస్తోంది, వెనకాల గుట్ట మీద దర్గా కనిపిస్తోంది. నా పొట్ట చూసి బట్టలు అక్కడే వదిలేసి గబగబా మెట్లు దిగింది. ఎప్పుడో రక్తదాన శిబిరంలో ఆమెది బాంబే గ్రూపని బయటపడిందట. మీది ఎక్కడా కలవట్లేదు, ఇంక రాకండి అన్నారట. అప్పటి నుంచి ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదట.

ఆమె మా పేజీ దాకా ఎలా వచ్చిందో చెప్పింది. బడిలో కంప్యూటర్ క్లాసు చెప్పాలన్నారని తార్నాకలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుంటోంది. కోర్సు చివరి రోజు ఇంటర్నెట్ చూపించారట. లైను ఖరీదు గనక తలా ఒక్క మాట కొట్టనిచ్చారు.

"అందరు సిన్మా హీరోల పేర్లు గొట్టిండ్రు. నాకేమో గీ గ్రూప్ మాట యాదికొచ్చింది. పైన ఏదొస్తే గదే ఒత్తిన చెల్లె. కిందియి చూద్దామంటే సార్ లెవ్వమన్నడు, ఎనక లైనున్నది," అంది.

ఆమెకి దొరికింది ఆ ఒక్క మాట, ఆ ఒక్క నొక్కు. పేజీ చివర నా మెయిల్ అడ్రసు చూసి చేతి మీద రాసుకుని, తర్వాత ఆ సార్ చేతే మెయిలు పంపించిందట. అది ఏ రోజు అని అడిగి తెలుసుకున్నాను. మేం మళ్ళీ పైకి చేరిన వారంలోనే. మా అమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ టీచరు గారి తెలంగాణ ఇంట్లో, గోడ మీద ఎల్లమ్మ పటం కింద నిలబడి, స్తోత్రం స్తోత్రం అంటోంది. టీచరు గారు కూడా పైట సర్దుకుని చేతులు జోడించింది. ఈసారి నాకు విసుగు రాలేదు.

మర్నాడు ఆమెని ల్యాబుకి తీసుకొచ్చాను. నా సీరంలో ఆమె రక్తపు చుక్క వేసి, గాజు పలకని అటూ ఇటూ వంచాను. నా జీవితంలో ఎవరి రక్తం వేసినా క్షణంలో గడ్డలు కట్టేది. తమ్ముడిది కట్టింది, అమ్మది కట్టింది, నాన్నది కట్టింది. ఆమెది కట్టలేదు. ఎర్రగా, నున్నగా, పలక మీద అలాగే జారుతోంది. నేను వంచుతూనే ఉన్నాను. చాలు చెల్లె, పలక వగులుతది అంది ఆమె. ఆమె రక్తం రెండు విడతలు తీయడానికి వ్యవధి లేదు, ఒక్క సీసా తీసి బ్లడ్ బ్యాంకులో నా పేరు మీద దాచారు.

డిసెంబరు మొదట్లో నొప్పులొచ్చాయి. బిడ్డ సులువుగానే పుట్టింది, ఆడపిల్ల. ఆ తర్వాతే రక్తం ఆగలేదు. డాక్టరు గొంతు మారడం గుర్తుంది. ఎవరో పరిగెత్తడం, నా చేతికి సూది గుచ్చడం, పైన వేలాడదీసిన సీసాలో నుంచి ఒక్కో బొట్టూ గొట్టంలోకి దిగడం గుర్తుంది. దాన్నే చూస్తూ పడుకున్నాను. భయం వేయలేదంటే అబద్ధం. కానీ భయం కన్నా ఇంకేదో పెద్దగా ఉంది. భువనగిరి పొలాల తిండి తిని పెరిగిన ఒకావిడ నా లోపలికి వస్తోంది, నా ఒళ్ళు ఆమెని పరాయిదనుకోవడం లేదు. తెల్లారేసరికి డాక్టరు ఇక పర్వాలేదంది.

మర్నాడు సాయంత్రం ఆమె బడి అయ్యాక బస్సు పట్టుకుని నల్లకుంట వచ్చింది, ఫ్లాస్కులో రాగిజావ తెచ్చింది. మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చుంది. అప్పుడే నర్సు వచ్చి బిడ్డ రక్తం రిపోర్టు చెప్పింది. బి పాజిటివ్. మామూలు గ్రూపు. నాలాంటిది కాదు. మా అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. నాకు ఏడుపొచ్చింది, ఇదేం ఏడుపో నాకే తెలియలేదు.

ఆమె బిడ్డని ఒడిలోకి తీసుకుంది. పిడికిలి విప్పి చూసింది, మళ్ళీ మూసింది.

"నీకేంది బిడ్డా," అంది దానితో, "ఊళ్ళె ఎక్కడికి వోయినా నీకు సుట్టాలే. మీ అమ్మకైతే నేనొక్కదాన్నే."